ఆరు గంటల సంబంధం

కుర్చీలో పెట్టుకున్న కళ్ళజోడు మీద తనే కూర్చున్న మనిషి, కొత్తది సాయంత్రానికే కావాలని పట్టుబట్టాడు. రేపటిదాకా కుదరదంది కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి. తను దూరాన ఒక ఎయిర్‌పోర్టులో వాతావరణం చూసే ఉద్యోగినని, ట్రైనింగుకి ఈ ఊరొచ్చానని, జోడు లేకపోతే క్లాసులో బోర్డు కనబడదని మొరపెట్టుకున్నాడు.

"ఆకాశంలో గాలి కనబడుతుంది గానీ, కుర్చీలో కళ్ళజోడు కనబడదా?" అంది.

అతను నవ్వేశాడు. ఆ నవ్వుకి మెత్తబడి సాయంత్రానికల్లా ఇచ్చేసింది. ఆ తర్వాత ముక్కు దగ్గర నొక్కుతోందని ఒకసారి, చెవి దగ్గర వదులైందని ఒకసారి వస్తూనే ఉన్నాడు. ట్రైనింగు ముగిసి తన ఊరికి వెళ్ళేసరికి కళ్ళజోడుకి ఏ లోటూ లేదు. లోటంతా ఆమెకే.

ఏడాదిపాటు ఫోన్లలో పోట్లాడుకుని, అలిగి, కలిశాక ఆమె ఇంట్లో చెప్పింది. నాన్న జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. అబ్బాయి గుణగణాలన్నీ విని, చివరికి ఒక్కటే అడిగాడు.

"ఎంత దూరం?"

"ఆరు గంటలు నాన్నా."

నాన్న ముఖం విప్పారింది. ఆరు గంటలంటే మధ్యలో ఒక్క టీకి ఆపితే చాలని, నెలనెలా తనే వెళ్ళి చూసొస్తానని అమ్మతో చెప్పుకుని మురిసిపోయాడు. అవి బస్సు గంటలు కావని చెప్పడానికి ఆమెకు నోరు పెగల్లేదు.

అబ్బాయి పెళ్ళి సంగతి మాట్లాడటానికి ఇంటికొచ్చిన రోజు, రోడ్డెలా ఉందని నాన్న ఆప్యాయంగా పలకరించాడు.

"రోడ్డెక్కడిదండీ? మధ్యలో సముద్రముంది కదా," అన్నాడతను, పాపం ఏమీ తెలియక.

నాన్న లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. ఆమె వెనకాలే వెళ్ళింది. అబద్ధం చెప్పలేదని, నిజాన్ని మింగేశానని తలవంచుకుంది.

"బస్సు దారైతే ఏ మలుపు దగ్గర ఏముందో నాకు తెలుసమ్మా," అన్నాడు నాన్న మెల్లగా. "నాకు తెలియని దారిలో నిన్నెలా పంపను?"

గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైంది. అబ్బాయి నిలబడి ఉన్నాడు.

"ఆ దారి నాకు తెలుసండీ. రోజూ నేను చూసేది ఆ గాలినే. ఇక్కణ్ణుంచి మా ఊరికి వెళ్ళే విమానానికి ఎదురుగాలి. ఆరు గంటలూ పడుతుంది. ఇటొచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది. ఐదు గంటలే."

"అంటే?"

"మీ అమ్మాయి అత్తారింటికి ఆలస్యంగా వెళ్తుంది. పుట్టింటికి త్వరగా వచ్చేస్తుంది."

నాన్న అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత తోటి డ్రైవర్ని అడిగినట్టు ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. మంచు పడితే ఏం చేస్తారు, పైలెట్‌కి నిద్రొస్తే ఎవరు చూసుకుంటారు, గాలివాన ముందే తెలుస్తుందా అని. అతను విసుక్కోకుండా అన్నిటికీ జవాబు చెప్పాడు. అమ్మ కాఫీ రెండుసార్లు వేడిచేసి తెచ్చింది.

చివరికి నాన్న కూతురి వైపు తిరిగాడు. "దూరమే గానీ, దారి మంచిదేనమ్మా."

ఆమెకు ఊపిరొచ్చింది. నాన్న మాత్రం ఇంకా ఏదో ఆలోచిస్తూనే ఉన్నాడు.

"మొదటిసారి నేనే దిగబెట్టి వస్తాను. డ్రైవరు పక్కన సీటు దొరుకుతుందా?"

అతను నవ్వలేదు.

"అడిగి చూస్తాను, మావయ్యగారూ."