పదకొండో పేజీ, ఏడో లైను

పొద్దున ఎనిమిదిన్నరకు కోడంబాక్కం స్టేషన్‌లో సర్వర్ ఇంజనీర్ ఆనందన్‌ని ఎవరో రైలు కిందకు తోసేశారు. జేబులో దొరికింది ఒకే కాగితం. సర్వర్ కూలితే దాని కాపీని నడిపించే డిజాస్టర్ రికవరీ సాఫ్ట్‌వేర్ మాన్యువల్, పదకొండో పేజీ, ‘నోన్ లిమిటేషన్స్’, అంటే ఆ సాఫ్ట్‌వేర్ చేయలేని పనులు. ఏడో లైను కింద ఎర్రగీత.

చీఫ్ కోదండరాం ఆ కాగితాన్ని ఏజెంట్ వైదేహి ముందుకు జరిపాడు. ఆనందన్ చూసుకునే, సర్వర్ లోపల నడిచే కంప్యూటర్ లాంటి వర్చువల్ మెషీన్‌లో నలభైమంది గూఢచారుల ఇళ్లు, వాళ్ల పిల్లల బడుల అడ్రసులున్నాయి. నిమిషనిమిషానికీ వేరే ఊరికి వెళ్లాల్సిన దాని కాపీని కన్సల్టెంట్ రాగిణి విదేశీ ముఠాకు మళ్లించింది. మూడింటికి ఇక్కడి మెషీన్ ఆపి, అక్కడ కాపీని లేపుతుంది. అది లేస్తేనే ముఠా జాడ తెలుస్తుంది.

“మరి ఏడో లైను?” అడిగింది వైదేహి.

“సర్వర్‌కు గుచ్చిన పెన్‌డ్రైవ్ కాపీతో పోదు. జాబితా తాళం అందులోనే ఉంది. కాపీ లేచిన అరవై సెకన్లలో తాళం అందకపోతే జాబితా చెరిగిపోతుంది.”

చూలైలో వైదేహి పాప చదివే బడి కూడా ఆ జాబితాలో ఉంది.

రెండూ నలభైకల్లా ఆమె నీలం కోటు తొడుక్కుని, మాప్ పట్టుకుని సర్వర్ రూంలో ఉంది. అసలు పెన్‌డ్రైవ్ కొప్పులోకి పోయింది. దాని స్థానంలో తన బ్యాగులోది గుచ్చింది.

సెంటు వాసనతో రాగిణి వచ్చింది. “ఏయ్, తుడిచింది చాల్లే. ఈడేం పని నీకు, పో.”

“అయిపోవస్తా ఉండాదమ్మా.”

మూడయింది. రాగిణి మీట నొక్కింది. అక్కడ కాపీ లేచింది. తాళం లేదంది. అరవై, యాభై తొమ్మిది... అన్నీ కాపీతోపాటే పోతాయనుకున్న రాగిణి మొహం పాలిపోయింది. సర్వర్ వెనక్కి ఉరికి, పెన్‌డ్రైవ్ పీకి లాప్‌టాప్‌కు గుచ్చింది. చందమామను పిలుస్తూ చిన్నపిల్లల పాట మొదలైంది.

తుపాకీ వైదేహి నుదుటికి తగిలింది. “అసలుది ఏడుందే?”

“కాల్చు. నన్ను వెతికేదానికి నీకు తొమ్మిది సెకన్లుండాయి.”

రాగిణి ఆమె కోటు జేబులు చింపింది, మాప్ బకెట్ తన్నేసింది. చెయ్యి కొప్పు దాకా వచ్చేసరికి తెర మీద సున్నా పడింది. వెంటనే చీఫ్ మనుషులు తలుపు విరగ్గొట్టుకుని వచ్చారు. ముఠా ఉన్న చోటు అప్పటికే చీఫ్ చేతిలో ఉంది.

“ఆ లైను నాకెవరూ చెప్పలేదే,” బేడీల్లో పళ్లు కొరికింది రాగిణి.

“ఆనందన్ చెప్పేవాడు. బతకనిస్తే,” అంది వైదేహి.

చీఫ్ పాటల పెన్‌డ్రైవ్‌ను కవర్లో వేసి, సాక్ష్యం కింద సీల్ చేయించాడు. వైదేహి మొహంలో మొదటిసారి భయం కనపడింది.

“సీలు రేపు వేద్దురుగానీ సార్, ఈ రాత్రికి నాకివ్వండి. ఆ పాట లేందే మా పాప ముద్ద మింగదు.”