పన్నెండో ముక్క

రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చిన నర్సుకి ఒళ్ళంతా పులిసిపోయి ఉంది. అయినా పడుకోకుండా కంప్యూటర్ బల్ల ముందు బెంచీ మీద కూలబడింది. కిందటేడు పోయిన అన్నయ్య తీసిన వీడియోలన్నీ ఒక్కటిగా కలిపి చూపించమని అమ్మ నెల రోజులుగా అడుగుతోంది. రేపు, రేపు అంటూ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది.

ఎడిటింగ్ ఆమెకి కొత్త. వదిన ఫోన్లో ఓపిగ్గా చెప్పింది.

"అన్నీ కింద వరసలో పేర్చుకో. అక్కర్లేని చోట కత్తిరించు. భయపడకు, అసలు వీడియోలు ఎక్కడికీ పోవు."

మొత్తం పదకొండు ముక్కలు. ఒక్కదాంట్లోనూ అన్నయ్య కనిపించడు. ఎప్పుడూ తీసేవాడు తనే మరి. వినిపించేదల్లా కెమెరా వెనక అతని ఆయాసం, పిల్లికూతల ఊపిరి. అది వింటే అమ్మ తట్టుకోలేదని, ఒక్కో ముక్కలోనూ శబ్దం తీసేస్తూ వచ్చింది.

చివరి ముక్క నడిపించి చూసింది. అన్నయ్య కూతురు సైకిలు తొక్కుతోంది. చప్పుడు లేదు. పిల్లికూతలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది...

ఇంకా దగ్గరగా వినిపించాయి. ఛాతీకి రాసుకునే తైలం వాసన కూడా వచ్చింది.

నిద్రలేక ఇలా అవుతోంది అనుకుంది. వెనక్కి తిరిగి చూసే ఓపిక కూడా లేదు. సేవ్ నొక్కి, తెరమీద పచ్చగీత నత్తలా పాకుతుంటే బల్లమీద తల వాల్చింది.

మెలకువ వచ్చేసరికి ఎండ వాలింది. వీడియో తయారై ఉంది. అమ్మని పిలిచి బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుంది.

పదకొండు ముక్కలూ అయిపోయాయి. అమ్మ కళ్ళు తుడుచుకుంది. వీడియో ఆగలేదు.

బల్లమీద తల పెట్టుకుని నిద్రపోతున్న ఆడమనిషి. ఒంటిమీద ఆసుపత్రి యూనిఫాం. వెనకనుంచి తీశారు...

"ఇది ఎవరు తీశారమ్మా?" అడిగింది నర్సు.

"ఇంకెవరు తీస్తారు? నేను టీ తెస్తే, నిన్ను లేపొద్దని సైగ చేశాడు. గుమ్మంలోంచే వెళ్ళిపోయాను." అమ్మ గొంతులో వణుకు లేదు. అలసటే ఉంది.

నర్సు ఆపబోయింది. ఆగలేదు. తెరమీద ఆమె నిద్ర లేచింది. అమ్మని పిలిచింది. ఇప్పుడు బెంచీ మీద రెండు వీపులు. కెమెరా మెల్లగా దగ్గరికొస్తోంది...

"వెనక్కి చూడకమ్మా," అంది నర్సు గొణుగుతున్నట్టు. అమ్మ చేతిని గట్టిగా పట్టుకుంది.

"చూడన్లే."

అమ్మ చూడలేదు. కదల్లేదు కూడా.

తెరమీద అమ్మ మాత్రం మెల్లగా వెనక్కి తిరిగింది. కొంచెం పక్కకి జరిగి, మధ్యలో చోటిచ్చింది.