పద్నాలుగో పేజీ, ఆఖరి లైను

జనవరి 16. గురువారం. ఉదయం 8.15.

సైమా నిస్కనెన్ శవం సౌనాలో దొరికింది.

ఇంటి వెనక ఆవిరి స్నానానికి కట్టుకున్న చెక్క గది అది. ఎనభై ఒక్క ఏళ్ల కిందట ఆవిడ పుట్టింది కూడా అందులోనే. పై బల్ల మీద ముడుచుకుని పడుకుని ఉంది. ఒంటి మీద రెండు కోట్లు. వాటి మీద తన మగ్గం మీద తానే నేసుకున్న గుడ్డపీలికల తివాచీలు నాలుగు. రాళ్ల పొయ్యి చల్లారిపోయింది. కట్టెల పెట్టెలో బెరడు ముక్క కూడా లేదు.

బయట ఫారన్‌హీట్ లెక్కలో సున్నాకి ముప్ఫై ఒక్క డిగ్రీలు కింద. మిన్నెసోటా ఉత్తరాన కివిలా ఊళ్లో జనవరి అంటే అంతే. అక్కడ ఇంటిని వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ ఆగిపోవడమంటే మనిషికి ఊపిరి ఆగినట్టే.

9.05కి కౌంటీ షెరిఫ్ ఆఫీసు నుంచి ఇన్వెస్టిగేటర్ వెర్నా గ్రాహెక్ వచ్చింది. యాభై రెండేళ్లు. పొట్టి మనిషి. మాట తక్కువ, కోపం ఎక్కువ. ఆ కోపాన్ని ఆఫీసులో అందరూ జబ్బు కింద జమకట్టారు.

డాక్టర్ శవాన్ని చూసి, చలికి పోయిందన్నాడు. ప్రమాదమని రాసుకోమన్నాడు. షెరిఫ్ కూడా ఫోన్ చేసి ఆ ముక్కే చెప్పాడు, సాయంత్రానికల్లా ఫైల్ మూసెయ్యమని.

శవాన్ని మొదట చూసింది తమ్ముడు అర్వో. డెబ్బై ఆరేళ్లు. కంటి ఆపరేషన్ కోసం డులుత్ ఆసుపత్రిలో వారం ఉండి, ఆ ఉదయమే తిరిగొచ్చాడు. ఒక కంటికి ఇంకా కట్టు ఉంది. ఇనుప గనిలో వెర్నా నాన్నా అతనూ ముప్ఫై ఏళ్లు ఒకే షిఫ్టులో పనిచేశారు. అందుకే ఆమెకి అతను బాబాయ్, సైమా అత్త.

అర్వో ఏడవలేదు. కోటు జేబులోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చాడు. అక్క పిడికిట్లో ఉందట. ఫర్నేస్ కంపెనీది. ముందురోజు మధ్యాహ్నమే చేరింది.

"ఫర్నేస్ పాడవడానికి యజమాని అజాగ్రత్తే కారణం. బుక్‌లెట్ 14వ పేజీ, 9వ క్లాజు చూడుడు. ఫోటో జతచేయడమైనది. వారంటీ చెల్లదు."

ఉత్తరం వెనక పెన్సిల్‌తో ఒకే ఒక్క లైను ఉంది. వాళ్లింటి భాష ఫిన్నిష్‌లో.

"ఏం రాసింది బాబాయ్?"

"నేను జన్మలో బ్లీచ్ కొనలేదు అని." అర్వో ఉత్తరాన్ని మళ్లీ తిరగేశాడు. "ఆ ఉత్తరం రాకముందైతే పక్కింటికి వెళ్లి పడుకునేదేమో. తప్పు నీదేనని కాగితం మీద కొట్టి పంపాక ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? మా అక్క సంగతి నీకు తెలీదా? సిగ్గుతో చచ్చిపోయింది వెర్నా. చలి తర్వాత వచ్చింది."

వెర్నా ఫైల్ మూయలేదు.

ఫర్నేస్ ఇంటి వెనకవైపు దించిన చెక్క గదిలో ఉంది. దాని పక్కనే మగ్గం. సగం నేసిన తివాచీ నీలం, ఎరుపు చారలతో అలాగే ఉంది. ఫోటోలో ఉన్నదీ ఆ గదే. అడుగున తేదీ, టైము: సోమవారం, ఉదయం 10.52.

ఆమె భూతద్దం పెట్టి చూసింది. ఫర్నేస్ కాలికి ఆనించి మూత లేని బ్లీచ్ డబ్బా. డబ్బా పిడికి ఎర్ర టేపు. కింద సిమెంటు గచ్చు మీద కారిన తడి, ఫ్లాష్ వెలుగులో మెరుస్తోంది. పక్కన నీళ్ల బకెట్. అందులో గరిటె నిటారుగా నిలబడి ఉంది. గోడకి ఫారన్‌హీట్ థర్మామీటర్. ముల్లు పన్నెండు దగ్గర.

గదిలో బకెట్ ఉంది, థర్మామీటర్ ఉంది. డబ్బా మాత్రం లేదు.

11.20కి వెర్నా మార్విన్ ప్రెబిచ్ ఇంట్లో ఉంది. ఆ ఫర్నేస్ బిగించింది అతనే. కిందటి గురువారం సాయంత్రం దాన్ని ఆపిందీ అతనే. హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలింది. అంటే మంట వేడిని ఇంటి గాలికి అందించే ఉక్కు గూడు. అది పగిలితే విషవాయువు ఇంట్లోకి వస్తుంది. గ్యాస్ కట్టెయ్యక తప్పదు. రెండు కరెంటు హీటర్లు ఇచ్చి వచ్చానన్నాడు. పాత వైరింగ్, ఫ్యూజులు ఎగిరిపోతుంటే ఆవిడ సౌనాలోకి మారిందని తనకి తెలియదన్నాడు. ఆ మర్నాడు శుక్రవారం ఆవిడ కంపెనీకి ఫోన్ చేస్తే, మూడు నుంచి అయిదు పనిదినాల్లో ఎవరో ఒకరు వచ్చి చూస్తారన్నారట.

"బ్లీచ్ డబ్బా నువ్వు పెట్టావా?"

"నేనా? మా ఆవిడ సైమా గారి దగ్గరే నేత నేర్చుకుంది మేడమ్. మగ్గం ఉన్న గదిలో బ్లీచ్ మూత తీస్తే ఆవిడ నా చెయ్యి విరిచేది. ఒక్క చుక్క పడితే రంగు పీలికలన్నీ నాశనం. వాళ్లు తివాచీలు ఉతికేది పైన్ సబ్బుతో."

వెర్నా వారంటీ బుక్‌లెట్ బల్ల మీద పడేసింది. మొదటి పేజీ మీద అరచేయంత అక్షరాల్లో 'జీవితకాల భరోసా' అని ఉంది. పేజీలు తిప్పుతున్నకొద్దీ అక్షరాలు చిక్కిపోయాయి. పద్నాలుగో పేజీకొచ్చేసరికి చీమల బారు.

"ఇది నాకు అర్థమయ్యేలా చెప్పు. ఎక్కడెక్కడ పట్టుకుంటారు?"

"అరవై రోజుల్లో రిజిస్టర్ చేయకపోతే."

"చేసిందా?"

"పదకొండో రోజునే. నకలు బిస్కెట్ డబ్బాలో దాచింది."

"ఇంకా?"

"ఇల్లు చేతులు మారితే. మారలేదు, కొన్నది ఆవిడే. ఏటా సర్వీసు చేయించకపోతే. ఆరేళ్లు నేనే చేశా. ఆరు రసీదులూ గోడ మేకుకి గుచ్చి ఉంటాయి చూడండి."

"అన్ని దార్లూ మూసుకుందన్నమాట. మరి మిగిలిందేంటి?"

మార్విన్ పద్నాలుగో పేజీ ఆఖరి లైను మీద వేలు పెట్టాడు. బ్లీచ్, జుట్టు రింగులు తిప్పే మందు, పెయింట్ ఊడదీసే మందు. వీటి ఆవిరి కలిసిన గాలి మంటలోకి పోతే ఉక్కు తుప్పు పడుతుంది. ఆ నష్టానికి కంపెనీ బాధ్యత లేదు.

"తుప్పు ఉందా?"

"గోరంత కూడా లేదు. ఫ్యాక్టరీ అతుకు దగ్గర విచ్చుకుంది. కంపెనీ ఇన్‌స్పెక్టర్‌కి అదే చెప్పా. ఫోటో ఉంది, చాలన్నాడు."

ఆ ఇన్‌స్పెక్టర్ పేరు రాడ్నీ ఓస్టర్. మూడు కౌంటీలకి అతనొక్కడే. అతను ఒప్పుకున్న క్లెయిములు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని, అందుకే పైవాళ్లు అతన్ని నెత్తిన పెట్టుకున్నారని మార్విన్ అన్నాడు. బ్లీచ్ క్లాజు కింద అతను తిరగ్గొట్టినవాళ్లు ఇంకా ఉన్నారని కూడా అన్నాడు.

"వాళ్ల పేర్లు రాసివ్వు," అంది వెర్నా.

మర్నాడు, శుక్రవారం ఉదయం ఏడింటికి ఆమె ఒక గిన్నె, కొత్త బ్లీచ్ డబ్బా తీసుకుని సైమా ఇంటికి వెళ్లింది. వెనక గదిలో థర్మామీటర్ పన్నెండు చూపించేదాకా ఆగింది. గిన్నెలో బ్లీచ్ పోసి, బకెట్ పక్కన పెట్టి, కోటులో ముడుచుకుని రెండు గంటలు కూర్చుంది. లేచేటప్పుడు గిన్నెని ఫోటో తీసుకుంది. అప్పుడు ఆమె మొహంలో కనిపించినదాన్ని నవ్వు అనుకోడానికి లేదు.

జనవరి 22. బుధవారం. మధ్యాహ్నం 12.40. అంత్యక్రియలు అయిపోయాయి.

చర్చి బయట అర్వో తన ట్రక్కు దగ్గర నిలబడి ఉన్నాడు. వెర్నా వచ్చి చెయ్యి చాపింది.

"తాళం చెవి ఇయ్యి బాబాయ్."

"దేనికి?"

"సీటు వెనకున్నదాని కోసం."

అర్వో దాచలేదు. "తుపాకీలో ఒక్క గుండే పెట్టా. ఒక్కడికి ఒక్కటి చాలు."

"వాణ్ని చంపితే అత్త అజాగ్రత్త మనిషిగానే మిగిలిపోతుంది. కాగితం మీద అదే ఉంటుంది. నీకు వాడి చావు కావాలా, ఆవిడ పేరు కావాలా?"

"రెండూ కావాలి."

"ఇవాళ ఒకటే ఇస్తా."

 ముసలాయన తాళం చెవి ఆమె చేతిలో పడేశాడు. తిరుగు ప్రయాణం ఎలాగని అడిగితే, తన కారులో తీసుకెళ్తానంది.

1.30. చర్చి కింది హాలు. కాఫీ, యాలకుల రొట్టె, బంగాళదుంపలూ మాంసమూ కలిపి వండిన వేడి గిన్నెలు. బల్లల దగ్గర ఊరివాళ్లతో పాటు పొరుగూళ్ల నుంచి వచ్చిన తొమ్మిది కుటుంబాలు. వాళ్లెవరో అర్వోకి కూడా తెలియదు.

రాడ్నీ ఓస్టర్ కూడా వచ్చాడు, పూలగుత్తితో. కంపెనీ తరఫున నాలుగు మంచి మాటలు చెప్పి ఒక కాగితం మీద సంతకం చేసి వెళ్లమని వెర్నానే పిలిచింది. నున్నటి మనిషి. కోటు తగిలించి, కాఫీ పోయించుకుని కూర్చున్నాడు. వెర్నా అతని ఎదుట కుర్చీ లాక్కుంది.

"సోమవారం సైమా గారింటికి ఎన్నింటికి వెళ్లారు?"

"పదిన్నరకి."

"కాఫీ ఇచ్చిందా?"

"ఇచ్చింది పాపం. రొట్టె కూడా. చాలా మర్యాదస్తురాలు."

"సౌనా పొయ్యి మీద కాచి తెచ్చింది. ఎంతసేపు పట్టింది?"

"పావుగంట పట్టుంటుంది."

"ఆ పావుగంట మీరెక్కడున్నారు?"

"ఫర్నేస్ చూస్తున్నా."

"ఒక్కరే?"

"...ఒక్కణ్నే."

"బ్లీచ్ డబ్బా?"

"నేను వెళ్లేసరికే అక్కడుంది. మూత లేకుండా, కారిపోయి. ఎన్ని రోజుల నుంచి అలా ఉందో. ముసలాళ్లు కదా మేడమ్, మర్చిపోతుంటారు."

హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

వెర్నా ఫోటో అతని ముందు పెట్టింది. "ఈ బకెట్ చూడండి. గరిటె ఎలా నిలబడింది?"

"గడ్డకట్టింది. గదిలో చలి."

"పన్నెండు డిగ్రీలు. థర్మామీటర్ కూడా మీరే ఫోటో తీశారు. నీళ్లు ముప్ఫై రెండుకే గడ్డకడతాయి. బ్లీచ్ ఇంకాస్త ఓర్చుకుంటుంది, అంతే." రెండో ఫోటో పెట్టింది. "ఇది శుక్రవారం నేను తీసింది. అదే గది, అదే పన్నెండు. రెండు గంటల్లో గిన్నె గిన్నంతా రాయి. మీ ఫోటోలో మాత్రం ఎన్నో రోజులుగా ఉన్న బ్లీచ్ నీళ్లలా పారుతోంది. అది వెచ్చటి ట్రక్కులోంచి దిగి అయిదు నిమిషాలు కూడా కాలేదు ఓస్టర్ గారూ."

రాడ్నీ ఆ ఫోటోని వెనక్కి తోశాడు. ఫోటోలో వెలుగు వల్ల అలా కనిపిస్తుందన్నాడు. బ్రాండును బట్టి మారుతుందన్నాడు.

వెర్నా వెనక్కి తిరిగి తలూపింది.

మొదటి బల్ల దగ్గర నుంచి ఒకావిడ లేచింది. నడుముకి పట్టీ, చేతిలో కర్ర. మెల్లగా వచ్చి ఒక ఫోటో రాడ్నీ కాఫీ కప్పు పక్కన పెట్టి వెళ్లి కూర్చుంది. తర్వాత ఒక కుర్ర దంపతులు. ఆ తర్వాత ఒక పాత గని కార్మికుడు.  తొమ్మిది కుటుంబాలు, తొమ్మిది ఫోటోలు. తొమ్మిది వేర్వేరు ఇళ్లు, తొమ్మిది ఫర్నేసులు. డబ్బా మాత్రం ఒకటే. పిడికి ఎర్ర టేపు.

అప్పుడే షెరిఫ్ ఆఫీసు డెప్యూటీ మెట్లు దిగి వచ్చాడు. చేతిలో సెర్చ్ వారంట్. రెండో చేతిలో పారదర్శకమైన సంచీ, సంచీలో ఎర్ర టేపు చుట్టిన డబ్బా. రాడ్నీ ట్రక్కు సీటు వెనక, హీటర్ గాలి తగిలే చోట దొరికిందన్నాడు.

రాడ్నీకి ఇక బుకాయించే దారి లేదు. పైవాళ్ల ఒత్తిడి అన్నాడు. అందరూ ఏదో ఒకటి చేస్తారన్నాడు. ఆవిడ చచ్చిపోతుందని తనకేం తెలుసన్నాడు. ఇంటావిడ పొయ్యి దగ్గర తన కోసం కాఫీ కాస్తుంటే ఆవిడ కొంపకి నిప్పు లేకుండా చేసినవాడు, తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడు, తనకేం తెలుసంటాడు!

మోసం, దొంగ సాక్ష్యం పుట్టించడం, ఒక మనిషి చావుకి కారణమవడం. మూడూ చదివి వెర్నా బేడీలు వేసింది.

"ఆగమ్మా," అన్నాడు అర్వో.

ఉత్తరం తిరగేసి రాడ్నీ మొహం ముందు పట్టుకున్నాడు. "ఇది మా అక్క రాసింది. నీకు మా భాష రాదు కాబట్టి నేను చెప్తా. నువ్వు అందరికీ వినబడేలా అను. సైమా నిస్కనెన్ జన్మలో బ్లీచ్ కొనలేదు."

రాడ్నీ వెర్నా వైపు చూశాడు. ఆమె గోడ గడియారం వైపు చూస్తోంది.

అతను గొణిగాడు.

"మాకు వినబడలేదు," అంది మొదటి బల్ల నుంచి కర్ర పట్టుకున్న ఆవిడ.

"సైమా నిస్కనెన్... జన్మలో బ్లీచ్ కొనలేదు."

అర్వో ఉత్తరం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. హాల్లో మళ్లీ చెంచాల చప్పుడు మొదలైంది.

2.25. పోలీసు కారు బయల్దేరింది. జైలు ముప్ఫై ఎనిమిది మైళ్లు. ముందు సీట్లో వెర్నా పక్కన అర్వో. వెనక ఇనప జాలీ అవతల రాడ్నీ. అతని కోటు చర్చి హాల్లో కొక్కేనికే వేలాడుతోంది. ఎవరూ గుర్తుచేయలేదు.

ఊరు దాటగానే అర్వో చెయ్యి చాపి హీటర్ ఆపేశాడు. వెర్నా చూసి, మళ్లీ కళ్లు రోడ్డు మీదకి తిప్పుకుంది.

ఆరు మైళ్లు వెళ్లాక వెనక నుంచి పళ్లు టకటకలాడే గొంతు వచ్చింది. "చలి బాగా వేస్తోంది. హీటర్ పనిచేయట్లేదా?"

అర్వో కట్టు లేని కన్నుతో వెనక్కి తిరిగి చూశాడు.

"ఫోన్ చేసి చెప్పుకో. మూడు నుంచి అయిదు పనిదినాల్లో ఎవరో ఒకరు వచ్చి చూస్తారు."

వెర్నా కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుంది. రోడ్డు ఇంకా ముప్ఫై రెండు మైళ్లు ఉంది.