సాగదీసిన అక్షరాలు

మధ్యాహ్నం నాలుగింటికి అరబిక్ పత్రిక ప్రూఫ్‌రీడర్ తన కుర్చీలోనే హత్యకు గురయ్యాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఒకే ఒక్క తూటా. నాలుగున్నరకల్లా ఆ కేసు ఏజెంట్ తొమ్మిది చేతికొచ్చింది. పోయినవాడు అతని సొంత అన్న.

"ఏడవడానిక్కూడా టైమ్ లేదయ్యా," అన్నాడు చీఫ్ మొహం తిప్పుకుని. "విదేశీ ముఠా పెట్టిన ప్రోగ్రామ్ సరిగ్గా ఆరింటికి ఆసుపత్రులన్నిటికీ ఆక్సిజన్ ఆపేస్తుంది. దాన్ని అడ్డుకునే సీక్రెట్ కీని మీ అన్న మనకోసం ముఠా దగ్గర కాజేసి మూడు ముక్కలు చేశాడు. రెండు మనకు చేరాయి. మూడోది ఏదో అరబిక్ రాతలో ఉంది."

"అరబిక్‌లో అక్షరాల్ని కలిపే గీత సాగదీసినా అర్థం మారదు సార్. సాగితే ఒకటి, సాగకపోతే సున్నా. ఆ ఒకట్లూ సున్నాలే కీ. ఆ విద్య నాకు నేర్పింది అన్నయ్యే."

అయిదుంబావుకు వదిన తలుపు తీసింది. టీవీలో వార్తలు చదివే అందగత్తె. ముఠాలో చేరినట్టు నటిస్తూ ఏజెన్సీకి కబుర్లు అందించే మనిషి. కన్నీళ్లకు మేకప్ చారలు కట్టింది.

"అన్నయ్య ఏమైనా రాసిచ్చాడా వదినా?"

"పెళ్లిరోజని పొద్దున ఉత్తరం ఇచ్చి వెళ్లారు. విప్పే ధైర్యం లేదు. నువ్వే చదువు."

అతను కవరు చింపాడు. పెన్ను ఆకారపు స్కానర్ అరబిక్ వరసల మీద నడిచింది. ఒక చోట చెమ్మకు సిరా అలుక్కుపోయింది. ఆ రెండు వరసల్లో సాగిన గీతల్ని కళ్లు చికిలించి తనే లెక్కపెట్టాడు. రెండుసార్లు తప్పు కీ అన్నారు హెడ్‌క్వార్టర్స్‌లో. మూడోసారి పంపాడు. ఆరింటికి ఒక్క సెకను ఉందనగా రేడియో పలికింది: "ఆగింది!"

అప్పుడు గానీ అతను ఉత్తరంలోని మాటలు పైకి చదవలేదు.

"నా పేరు వాళ్లకు చెప్పింది నువ్వేనని తెలుసు. మీ నాన్న మెడ మీద కత్తి పెట్టారనీ తెలుసు. నీ మీద కోపం లేదు. తమ్ముడొస్తే ఈ కాగితం ఇవ్వు."

వదిన గోడకు ఆనుకుని నేలమీద కూలబడింది.

"తెలిసి కూడా ఆఫీసుకెందుకు వెళ్లారు?"

"వెళ్లకపోతే వాళ్లు నీ మీద పడేవాళ్లు వదినా."

ఆమె ముఠా దాక్కున్న ఇల్లు ఎక్కడో చెప్పి, తండ్రిని కాపాడమని బతిమాలి, తనే వెళ్లి జీపెక్కింది. చేతిలో ఉత్తరం ఉంది. అతను తిరిగి ఇమ్మని అడగలేదు.

ముఠా దొరికింది. ముసలాయన బతికే ఉన్నాడు.

"ఒరిజినల్ ఏదయ్యా?" మర్నాడు ఫైలు తిరగేస్తూ అడిగాడు చీఫ్. "అది సాక్ష్యం."

"కాపీ పెట్టాను సార్. మనక్కావలసిన గీతలన్నీ అందులో ఉన్నాయి. మిగిలింది ప్రేమలేఖ. దానికి మన దగ్గర ఫైలు లేదు."