అట్ట ఆగిన ఇల్లు

"తొమ్మిది రోజులండీ! ఈ అట్టను పొదుగుతున్నారా ఏమిటి?"

థావ్ తలుపు తీసీ తీయగానే దులిపేశాడు పక్కింటి వడ్రంగి షింగో. ఆమె వియత్నాం నుంచి వచ్చి, జపాన్‌లోని ఈ ఊరి వృద్ధాశ్రమంలో పనికి చేరి ఐదు నెలలు. ఆమె జపనీస్ ఇంకా తప్పటడుగుల్లోనే ఉంది.

వీధి కబుర్లన్నీ ఆ అట్టకే గుచ్చి వస్తాయి. ఎవరికి వారు చదివి, దాని మీది జాబితాలో తన పేరు దగ్గర ముద్ర వేసి, పక్కింటికి చేర్చాలి. అది థావ్ దగ్గరే ఆగిపోవడంతో ఆదివారం కాలవ బాగుచేయడానికి సగం వీధి రాలేదు.

"ఒకాబె అవ్వ నిప్పులు కక్కుతోంది. వీధి పెద్ద కదా! ఇంకోసారి ఆలస్యమైతే జాబితాలో మీ పేరు కొట్టేస్తుందట."

థావ్‌కి భయమేసింది. పేరు పోతే ఈ వీధిలో తానెవరు? పైగా ఈ మనిషి గడప తొక్కడానికి ఆమెకున్న సాకు ఆ అట్ట ఒక్కటే.

"చదవడం రాకపోతే అడగొచ్చుగా?"

"చదివాను. మొదటి రోజే." ఆమె మాటలు ఏరుకుంది. "మీ ఇంటికి నాలుగుసార్లు వచ్చాను. బెల్లు కొట్టలేదు."

"ఎందుకు?"

"ఇచ్చేటప్పుడు మర్యాదగా మాట్లాడాలి కదా! రోజూ పుస్తకం చూసి బట్టీ పట్టాను. మీ తలుపు చూడగానే... అంతా పోయింది."

"ఓరి దేవుడా! తలుపుకి తగిలించి వెళ్లిపోతారండీ. అట్ట కోసం ఇక్కడెవరూ బెల్లు కొట్టరు!"

థావ్ ముఖం కందిపోయింది. షింగో కోపం ఎటు పోయిందో పోయింది.

"బట్టీ పట్టింది వృథా ఎందుకు? చెప్పండి, వింటాను."

ఆమె కళ్లు మూసుకుని అప్పజెప్పింది. "పక్కింటి థావ్‌నండీ. అట్ట తెచ్చానండీ. పొద్దున్నే పని చేసుకుంటూ మీరు పాడే పాట నాకు చాలా ఇష్టమండీ."

"చివరిది కూడా పుస్తకంలో ఉందా?"

"లేదు. అది నాది."

ఈసారి కందిపోవడం షింగో వంతయింది.

ఆ తర్వాత ఏడాదిపాటు అట్ట ఆగితే ఒట్టు. థావే బెల్లు కొట్టి మరీ ఇచ్చేది. ఏడాది తిరిగాక వచ్చిన చలికాలంలో మాత్రం షింగో ఇంట్లో ఆరు రోజులు ఆగిపోయింది. ఒకాబె అవ్వ పెన్ను పట్టుకుని వచ్చేసింది. గుమ్మంలో రెండు జతల చెప్పులు, లోపల ఒకటే నవ్వులు.

"ఏరా షింగో! ఈ పిల్ల పేరు కొట్టేస్తున్నాను."

"వద్దవ్వా! తప్పు నాది!" అంటూ పరిగెత్తుకొచ్చాడు షింగో. వెనకే థావ్, కళ్లనిండా నీళ్లతో.

"నోర్ముయ్. కొట్టేసి నీ పేరు పక్కన రాస్తున్నా. ఇద్దరిదీ ఒకే ముద్ర చాలు. పెళ్లెప్పుడో చెప్పండి, ఆ కబురు ఒక్కరోజులో వీధంతా తిరగాలి!"