మేడ మీది పచ్చ చెయ్యి

వాచీల కొట్టు పైనున్న మేడగదికి చెడ్డపేరు ఈనాటిది కాదు. చీకటి పడ్డాక ఎక్కినవాడికి గోడ మీద పచ్చటి చెయ్యి కనిపిస్తుందట. "రా... రా..." అని పిలుస్తుందట. ఊరికే ఇస్తామన్నా అందులో ఎలుక కూడా కాపురం పెట్టలేదంటారు.

"దెయ్యం లేదు, గియ్యం లేదు! భయమే మన కాళ్లకు సంకెళ్లు!" అన్నాడు కుర్ర మాస్టారు. బడి మానేసి పనులకు పోయే పిల్లలకు అక్కడ సాయంత్రం చదువు చెప్పాలని అతని పంతం. గోడల నిండా నినాదాలు అంటించాడు. పిల్లలు మాత్రం మెట్ల దగ్గరే ఆగిపోయారు.

"మీరు ఒక్క రాత్రి అందులో పడుకుని రండి సార్. అప్పుడు మేమూ వస్తాం."

"నేను రాకపోతే?"

"రాకపోతే సెలవు సార్!"

కింద వాచీలు బాగుచేసే మామ్మ కంటి భూతద్దం తియ్యకుండానే అంది: "వద్దు నాయనా. చదువుకున్నవాడివి, మాట విను."

"చదువుకున్నాను కాబట్టే వినను మామ్మా!"

ఆ సాయంత్రం గదంతా తనే ఊడ్చాడు. నేలచెక్కల సందుల్లోంచి పసుపుపచ్చటి పొడి లేచింది. చేతుల్తో ఎత్తి పారబోశాడు. తుమ్మాడు. చాప పరిచాడు.

రాత్రయింది... టార్చి వేసి నాలుగు మూలలూ చూశాడు. ఏమీ లేదు. ధీమాగా ఆర్పాడు—

తలుపు పక్కన, స్విచ్చి దగ్గర... ఐదు వేళ్లు. పచ్చగా.

"ఎ... ఎవరు?"

చెయ్యి కదల్లేదు. మెల్లగా మసకబారింది. టార్చి వేశాడు— ఒట్టి గోడ. ఆర్పాడు— మళ్లీ ఐదు వేళ్లు!

నినాదాలు గోడకే ఉండిపోయాయి. మనిషి మాత్రం మూడేసి మెట్లు దూకుతూ వచ్చి కింద ఎవరినో గుద్దుకున్నాడు. మామ్మ.

"చూశావా?" గుసగుసగా అడిగింది. "అది మా అక్క చెయ్యి."

మాస్టారు మెట్టు మీదే చతికిలబడ్డాడు.

"దెయ్యం కాదులే, ఊపిరి పీల్చుకో. వాచీ అంకెలు చీకట్లో వెలగాలని పైన రేడియం రంగు వేసేవాళ్లు. కుంచె మొన సన్నగా రావడానికి అంకె అంకెకూ పెదాల మధ్య పెట్టి తిప్పేది అక్క. రంగు చేత్తోనే స్విచ్చి వేసేది, ఆ అచ్చే నువ్వు చూసింది. ముందు పళ్లు ఊడాయి. తర్వాత దవడ... తర్వాత అక్కే పోయింది. రంగు ముసలిదైంది, తనంతట తను వెలగదు. దీపం పడితే కాసేపు లేస్తుంది, అంతే. విషం మాత్రం అలాగే ఉంది."

"మరి దెయ్యమని పుట్టించింది ఎవరు?"

"నేనే. రంగులో విషముందని వీధి వీధంతా మొత్తుకున్నాను. ఒక్కడు నమ్మితే ఒట్టు! దెయ్యముందన్నాను... యాభై ఏళ్లుగా ఆ గదిలో ఎవరూ కాపురం పెట్టలేదు."

మామ్మ అతని చేతుల వైపు చూసింది.

"గది ఊడ్చావా నాయనా?"

మాస్టారు తలూపాడు. ఆమె టార్చి అందుకుని అతని అరచేతుల మీద వేసింది... ఆర్పింది.

పది వేళ్లు. పచ్చగా.

సబ్బు అరిగేదాకా ఆ చేతులు కడిగించింది మామ్మ. అర్జీలు, గొడవలు, గదికి తాళం వేయించడం... అవన్నీ తర్వాతి సంగతి. తెల్లారేసరికి పిల్లలు గుంపుగా వచ్చేశారు.

"సార్ వచ్చారు! దెయ్యం లేదన్నమాట!"

రేడియం గురించి చెప్పాలని మాస్టారు నోరు తెరిచాడు. అప్పటికే అందరికన్నా చిన్నది మొదటి మెట్టు మీద కాలు పెట్టేసింది.

"ఆగు!" అని అరిచాడు. "ఉందే తల్లీ... దెయ్యం ఉంది. నేను కళ్లారా చూశాను."