వెచ్చటి గోడ

నాంపల్లిలో ముసురు పట్టి నాలుగు రోజులైంది. లక్ష్మీనర్సమ్మ ఇంట్లో కిరాయికుంటున్న నాలుగు కుటుంబాల్లో ఎవరి బట్టలూ ఆరడం లేదు. అందరికన్నా ఎక్కువ తిప్పలు మొదటి వాటాలో ఉన్న బీరయ్య ఇంటివాళ్లవి. అక్కడ మూడు నెలల పసిబిడ్డ ఉంది. దండెం మీద, తలుపు రెక్క మీద, బియ్యం డబ్బా మీద, ఎక్కడ చూసినా తడి పొత్తిగుడ్డలే.

“గీ గుడ్డలు ఆరేటాళ్లకు పోరి పెండ్లికొస్తది,” అంది బీరయ్య భార్య పోశవ్వ, ఒకదాన్ని మళ్లీ పిండుతూ.

బీరయ్య నవ్వలేదు. పొద్దున్నే నవ్వే మనిషి కాదాయన. తోలు పటకా నడుముకు బిగించి, అందులో తీగలు తుంచే పక్కడు దోపుకుని, గొడుగు కోసం వెతుకుతున్నాడు. బిజిలీ దఫ్తరులో ఇరవై రెండేళ్లుగా ఆయన లైన్‌మన్. సర్కార్లు మారాయి గానీ ఆయన కరెంటు ఖంబాలెక్కడం మారలేదు. నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా ఏ తీగ ఎంత బరువు మోస్తుందో ఆయనకు కంఠతా వచ్చు.

“ఇయ్యాల అబిడ్స్ దిక్కే గద నీ డ్యూటీ,” అంది పోశవ్వ. “ఆ సినిమా హాలు మేనేజరు వామన్‌రావు సాబ్ తొమ్మిదేండ్ల సంది పాసులిస్తనంటుండు. ఒక్కనాడన్న తెచ్చినవా? నేను సచ్చినంక తెస్తవా?”

“అడుగుడు మొదలువెడితే ఆగదు,” అన్నాడు బీరయ్య. “ఇయ్యాల నేను పాసు తీసుకుంట. రేపు ఆయన మీటరు దిక్కు జర సూడకు అంటడు. మనకొద్దు గవన్ని.”

లోపలి గదిలో ఉన్న కొడుకుకు వినిపించాలనే ఆ మాట కాస్త గట్టిగా అన్నాడు. కొడుకు రాజమల్లు వినిపించనట్టే గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తండ్రీకొడుకుల మధ్య మాటలు లేక వారం దాటింది.

మాటలు ఆగిపోయింది ఒక బండి దగ్గర. రాజమల్లు ఎనిమిదేళ్లుగా నాంపల్లి స్టేషన్ గూడ్సు షెడ్డు నుంచి అబిడ్స్ దుకాణాలకు తోపుడు బండి మీద సరుకు చేరుస్తున్నాడు. పోయిన చలికాలంలో నిండు బండిని తోస్తూ తోస్తూ ఛాతీ పట్టుకుని నడిరోడ్డు మీద కూలబడ్డాడు. ఇట్లాగే ఇంకో రెండేళ్లు తోస్తే మనిషి దక్కడని దవాఖానలో డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి కాళ్లరిగేలా తిరిగి, మిలిటరీ వాళ్ల పాత సామాను వేలంలో ఒక బ్యాటరీ బండి సంపాదించాడు. ఇనుప పలక, రబ్బరు చక్రాలు, పలక కింద పెట్టె నిండా బ్యాటరీలు. దానికి పెట్రోలు అక్కర్లేదు, తోసేవాడు అక్కర్లేదు. చప్పుడు చేయకుండా కదులుతుందని గల్లీ పిల్లలు దానికి దయ్యం బండి అని పేరు పెట్టారు. దయ్యానికి కావలసిందల్లా రోజూ ఏడెనిమిది గంటల కరెంటు.

“ఈ గల్లీ తార్ నేనే గుంజిన,” అన్నాడు బీరయ్య, బండి ఇంటికి తెచ్చిన రోజు. “ఇంటికొక్క బత్తీ అని లెక్క వెట్టి గుంజిన. నీ బండి ఒక్కటే అరవై బత్తీలంత తింటది. తీగ ఓర్వదు. కొత్త తార్ వచ్చేదాంక ఆగు.”

“ఎప్పుడొస్తది?”

“దర్ఖాస్తు పెట్టాలె. ఏడాదో, రెండేండ్లో.”

డాక్టరు చెప్పిన గడువు కూడా రెండేళ్లే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుకొచ్చింది. ఇద్దరూ పైకి అనలేదు.

ఈ పొద్దున బీరయ్య గొడుగు విప్పుకుని గల్లీ మలుపు తిరిగేదాకా చూసి, రాజమల్లు లేచాడు. ఇంటి వెనక రేకుల కింద ఉన్న బండి నుంచి పొడుగాటి తీగ ఒకటి తెచ్చి గదిలో బత్తీకొచ్చే కరెంటుకు తగిలించాడు. మూడు రోజులుగా ఇదే తంతు. తండ్రి వెళ్లగానే తగిలించడం, వచ్చేలోగా తీసేయడం. మొదటిరోజు పావుగంటకే ఫ్యూజు పోయింది. గుమ్మం మీద నాలుగు వాటాలకూ కలిపి ఉన్న ఫ్యూజు డబ్బా తెరిచి, అందులోని సన్న తీగ తీసేసి, రాగి తీగను నాలుగు పేటలు మెలిపెట్టి బిగించాడు. తర్వాత అది పోనే లేదు. సమస్య తీరిందనుకున్నాడు.

“మామకు తెలిస్తేనో?” అంది అతని భార్య జయమ్మ.

“ఇయ్యాల ఒక్కరోజే. రేపు పగటీలి మూడు గంటలకు ప్రహ్లాద్ సేట్ గాజుసామాను స్టేషన్‌ల దిగుతది. పొద్దుగూకే లోపట ఒక్క గిలాస పలగకుంట అబిడ్స్ దుకాణానికి చేరిస్తె ఏడాది పొడుగూత పని నాకే అన్నడు. పని దొరికినంక వేరే జాగ చూసుకుంట.”

“అత్తా, నువ్వన్న చెప్పరాదు?”

పోశవ్వ చూపు తప్పించింది. కొడుకు నడిరోడ్డు మీద పడి ఉండగా పరుగెత్తుకెళ్లి తల ఒళ్లో పెట్టుకున్న తల్లి ఆమె. మొగుడి మాట నిజమని తెలుసు. కొడుకు ఛాతీ నొప్పి కూడా నిజమే. “కండ్లు మూసుకొని ఉండు బిడ్డా,” అంది. “ఒక్కరోజంటుండు గద.”

రాజమల్లు సేట్‌ను కలవడానికి అబిడ్స్ వెళ్లాడు. మధ్యాహ్నానికి పాప ఉన్న ఆఖరి పొడిగుడ్డ కూడా తడిపేసింది. ఏం చేయాలో తోచక జయమ్మ ఉయ్యాల పక్కన గోడకు చేయి ఆనించి నిలబడింది. ఉయ్యాలకు కొంచెం పైన, గోడ పొడవునా, కరెంటు తీగల్ని కప్పుతూ ఒక చెక్క పట్టీ ఉంది. అది చేతికి వెచ్చగా తగిలింది. మళ్లీ తాకి చూసింది. నిజంగానే, అన్నం దించిన తర్వాత పొయ్యిగడ్డ ఉన్నట్టు వెచ్చగా ఉంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తడిగుడ్డలన్నీ వరసగా ఆ పట్టీ మీద వేసింది. రెండు గంటల్లో ఒక్కొక్కటీ పెళపెళలాడుతూ ఆరిపోయాయి. ఊరి నుంచి కాపురానికొచ్చి రెండేళ్లయిన పిల్ల ఆమె. కరెంటు గురించి ఆమెకు తెలిసిందల్లా అది వస్తుంది, పోతుంది అని మాత్రమే.

ఆ రోజు బీరయ్య గంట ముందే ఇంటికొచ్చాడు. నిలువెల్లా తడిసిపోయాడని మేస్త్రీ పంపించేశాడు. అంతకు కాసేపటి ముందే రాజమల్లు వచ్చాడు గానీ ఇంకా తీగ తీయలేదు. మబ్బుకు ఇంట్లో అప్పుడే బత్తీ వేసుకున్నారు. బీరయ్య పొడి బట్టలు కట్టుకుని, మనవరాలిని ఒళ్లోకి తీసుకున్నాడు. పాప కింద గుడ్డ పొడిగా ఉంది. వెచ్చగా కూడా ఉంది. ఆయన దండెం వైపు చూశాడు. ఖాళీ.

“పొద్దంత ముసురే గద. గుడ్డలెట్ల ఆరినయి?”

“గోడ మీద ఏసిన మామా,” అంది జయమ్మ సంబరంగా. “పట్టీ వెచ్చగున్నది.”

రాజమల్లు తల ఎత్తాడు. పోశవ్వ చేతిలోని చేట ఆగింది. బీరయ్య లేచి, పాపను భార్య చేతుల్లో పెట్టాడు.

“పోరిని తీసుకొని వాకిట్లకు నడువు. కోడలా, నువ్వు గూడ.”

ఆయన చేతి వెనకభాగాన్ని పట్టీకి ఆనించి వెంటనే తీసేశాడు. గుమ్మం దగ్గరకెళ్లి ఫ్యూజు ఊడబెరికాడు. నాలుగు వాటాల్లోనూ ఒక్కసారే చీకటి పడింది. ఆయన అరచేతిలో నాలుగు పేటల రాగి తీగ ఉంది.

“ఎవలు కట్టిన్రు దీన్ని?”

“నేనే,” అన్నాడు రాజమల్లు.

అంతలో ఇంటామె లక్ష్మీనర్సమ్మ కొంగు నెత్తిన కప్పుకుని వచ్చింది. “ఏంది బీరయ్యా, బత్తీలన్ని పోయినయి?”

“నా ఇంట్లనే తప్పు జరిగిందమ్మా.”

ఆమె ఆ తీగ చూసింది, ఇంటి వెనక్కి పోతున్న బండి తీగ చూసింది. “పోయినేడు నేను ఇంకొక బత్తీ పెట్టుమంటె లెక్క కుదరదంటివి. ఊరందరికి శకునం చెప్పిన బల్లి కుడితిల వడ్డట్టాయె,” అని వెళ్లిపోయింది. బీరయ్య తల దించుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆయన అట్లా తల దించుకోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. రాజమల్లుకు సిగ్గేసింది, ఆ సిగ్గే కోపమైంది.

“నీ తీగలకున్న విలువ నాకు లేదా బాపూ? అందరి ఇండ్లల్ల దీపాలు ముట్టించినవు. నా కోసం ఎన్నడన్న ఎవలనన్న ఒక్క మాట అడిగినవా? నేను రోడ్డు మీద పడి సస్తె గప్పుడన్న ఖంబా దిగి వస్తవా?”

బీరయ్య లాంతరు ముట్టించి కొడుకు చేతికిచ్చాడు. విప్పి పెట్టిన పటకాలోంచి మరలు తిప్పే పేచకస్సు తీసి, ఉయ్యాల పైనున్న పట్టీని మేకులతో సహా పెకిలించాడు. లోపలి తీగల మీది రబ్బరు నల్లటి పొడిగా రాలింది. చెక్క లోపలివైపు మూరెడు పొడవున కాలి బొగ్గయింది. ఆ పొడి రాలింది పాప పడుకునే ఉయ్యాలలోనే.

“ఇంకో గంటుంటే...” అన్నాడు బీరయ్య. ఆ మాట పూర్తి చేయలేదు. “ఫ్యూజు పోతె బత్తీ పోతది, ఇల్లుంటది. గందుకే గా తీగ సన్నగుంటది రాజమల్లూ.”

రాజమల్లు లాంతరును కింద పెట్టి, ఉయ్యాల తాళ్లు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. గుమ్మం దగ్గరి నుంచి జయమ్మ, “నా చేతులతోటే ఏసిన, నా చేతులతోటే ఏసిన,” అని ఏడుస్తోంది.

“నీకు గూడ ఎరుకేనా?” అని బీరయ్య భార్యను అడిగాడు.

“ఎరుకే. నేనే దాచిన,” అంది పోశవ్వ. గుమ్మంలోనే నిలబడి పాపను గుండెకు అదుముకుంది. “నా తప్పు ఎంతుందో నాకు తెలుసు. నీ తప్పు గూడ విను. వద్దంటివి, తీగ ఓర్వదంటివి. మరి వాడేం చెయ్యాల్నో చెప్పినవా? వద్దన్నోడు దారి గూడ చూపెట్టాలె. ఇరవై రెండేండ్లు తీగల బరువు చూసినవు. నీ కొడుకు మీదున్న బరువు ఎప్పుడన్న చూసినవా?”

ఆ పూట ఎవరూ సరిగ్గా తినలేదు.

తెల్లవారి రాజమల్లు లేచేసరికి వంటింట్లో కుంపటి ముందు తండ్రి కూర్చుని ఉన్నాడు. తడి పొత్తిగుడ్డలు ఒక్కొక్కటే రెండు చేతులా పట్టుకుని, కమిలిపోకుండా అటూ ఇటూ తిప్పుతూ ఆరబెడుతున్నాడు. అప్పటికే ఆరినవి పక్కన మడతపెట్టి ఉన్నాయి. రాజమల్లు వచ్చి పక్కన కూర్చుని తనూ ఒక గుడ్డ అందుకున్నాడు.

“డాక్టరు చెప్పిన మాట నాకు గూడ యాదికున్నది,” అన్నాడు బీరయ్య నిప్పుల వైపే చూస్తూ. “ఖంబా మీదున్నప్పుడు గూడ గదే యాదికొస్తది. ఏం చెయ్యాల్నో తెల్వక మొండికేసిన.”

“తప్పు నాది బాపు. పోరి నెత్తి మీద నిప్పు వెట్టిన.”

“బండిల ఎంత కరెంటున్నది?”

“గా సన్న తీగ మీద మెల్లగ ఎక్కుతుండె. సగం గూడ నిండలేదు.”

“అబిడ్స్ దాంక వస్తదా?”

“వస్తది.”

“అయితే దా. ఏ తీగ ఏ పూట ఖాళీగుంటదో నాకెరుక.”

బీరయ్య మొదట బండెక్కనన్నాడు, నడిచొస్తానన్నాడు. స్టేషన్ రోడ్డు దాకా పక్కనే నడిచి, కొడుకు మూడోసారి బతిమాలాక అంచున కూర్చున్నాడు. సన్నటి జల్లులో, చప్పుడు లేని ఆ బండి మీద, ఒక చేత్తో గొడుగు, మరో చేత్తో కొడుకు భుజం పట్టుకుని వెళ్తున్న లైన్‌మన్ బీరయ్యను చూసి పాలవాడు సైకిలు దిగాడు.

అబిడ్స్‌లో సినిమా హాలు ముందు వామన్‌రావు చిమ్మేవాళ్ల మీద కేకలేస్తున్నాడు. బీరయ్యను చూసి నవ్వాడు. “ఏంది బీరయ్యా పొద్దున్నే? పాసుల కోసమేనా?”

బీరయ్య టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. దాని అంచును వేళ్లతో చుట్టూ తిప్పాడు. తండ్రి చెవులు ఎర్రబడడం రాజమల్లు చూశాడు. ఇక వద్దు బాపు, పోదాం అనబోయాడు.

“పాసులు గాదు సాబ్,” అన్నాడు బీరయ్య. “మా పిలగాని కోసం ఒకటి అడగనీకి వచ్చిన.”

ఆ ఒక్క మాట ఆయన నోట వినాలని రాజమల్లు ఎన్నేళ్లుగా కాచుకున్నాడో. తీరా విన్నాక తట్టుకోలేక ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

బీరయ్య నిదానంగా చెప్పాడు. హాలులో బొమ్మ వేసే మిషనుకూ, పంకాలకూ లావుపాటి తార్ వేసి ఉంది. మూడింటి ఆట మొదలయ్యేదాకా దానికి పనిలేదు. హాలుకు రాయించిన లోడు దాటదు గనుక కాయిదా తప్పినట్టు కాదు. ఆట టైముకు గంట ముందే తీసేస్తారు. కాలిన కరెంటుకు పైసలు రాజమల్లే కట్టుకుంటాడు.

వామన్‌రావు చిమ్మేవాళ్లను లోపలికి పంపేశాడు. “తొమ్మిదేండ్లకు నోరు తెరిస్తివి. కాదంటె నాకు పాపం తగుల్తది. గని మా హాలుకేమన్న అయితే?”

“కాదు సాబ్. నేనుంట గద.”

వెనక గదిలో మీటరు దగ్గర బీరయ్య కొత్త ఫ్యూజు తీగ చుట్ట తీసి, కావలసినంత తుంచి కొడుకు చేతికిచ్చాడు. “నువ్వే కట్టు.”

రాజమల్లు వేళ్లలోంచి తీగ రెండుసార్లు జారింది. మూడోసారి ఆ ఒంటిపేట తీగను అతను జాగ్రత్తగా చుట్టి బిగించాడు. బండి తీగ తగిలించాడు. మీటరు మీది ముల్లు కదిలింది. దీపాలు తొణకలేదు.

తండ్రీకొడుకులు అక్కడే నిలబడ్డారు. బీరయ్య తొమ్మిదింటికి డ్యూటీకి వెళ్లాలి, అయినా కదల్లేదు. అరగంట గడిచాక చేతి వెనకభాగాన్ని గోడ మీది పట్టీకి ఆనించి చూశాడు. తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని, తిప్పి, అదే చోట ఆనించాడు.

“ఎట్లున్నది?”

“సల్లగున్నది బాపు,” అన్నాడు రాజమల్లు. గోడ చల్లగానే ఉంది. బీరయ్య మాత్రం కొడుకు చెయ్యి వదల్లేదు.